డెస్క్‌టాప్‌కా, సర్వర్‌కా? మా హాస్టల్ దాకా వచ్చిన లినక్స్ పంచాయితీ



పోయిన నెల గ్రూపుల ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, పాత ల్యాప్‌టాప్‌ల ఏ లినక్స్ వేసుకోవాలె? ఉబుంటు కొత్తోళ్లకు, డెబియన్ సర్వర్లకు అంటున్నరు. నిజమేనా?" రెండు ముక్కల్లో జవాబు రాద్దామనుకున్న. కానీ ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు. ఇదే ప్రశ్న మీద మా హాస్టల్‌ల వారం రోజులు లొల్లి నడిచింది. లినక్స్ తయారు చేసేటోళ్ల మధ్య అయితే ఇరవై ఏళ్లకు పైగా నడుస్తనే ఉంది. పోస్ట్ పెద్దగయింది, ఓపిగ్గా చదవండి. కంప్యూటర్ గ్రూపు కానోళ్లకు కూడా అర్థమయ్యేటట్టు రాయడానికి చూసిన.

ముందు మాటలు తెలుసుకుందాం. లినక్స్ అంటే అసలు కెర్నల్ ఒక్కటే, అంటే కంప్యూటర్ లోపల అన్నింటినీ నడిపించే మూల ప్రోగ్రామ్. 1991లో హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల స్టూడెంట్ తన సొంత పీసీ మీద మొదలుపెట్టిండు. ఆ కెర్నల్ చుట్టూ ప్రోగ్రాములు, సెట్టింగులు, ఇన్‌స్టాల్ చేసే పద్ధతి అన్నీ కలిపి ఒక మూటగ కట్టి ఇస్తే దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటరు, పొట్టిగ డిస్ట్రో. డెబియన్, ఉబుంటు, ఫెడోరా ఇట్లాంటివే. డెస్క్‌టాప్ అంటే మనిషి ముందు కూర్చొని మౌసు, కీబోర్డుతో వాడుకునేది. సర్వర్ అంటే ఎక్కడో మూలకు ఉండి, అడిగినోళ్లకు అడిగింది అందించేది. పెళ్లి బంతిల కూర్చొని తినేటోడు డెస్క్‌టాప్ అయితే, వడ్డించేటోడు సర్వర్. తినేటోనికి పీట మంచిగుండాలె, నీళ్లు చేతికి అందాలె. వడ్డించేటోడు మాత్రం అందరి తిండి అయ్యేదాకా కూర్చోవద్దు.

చిక్కంతా ఇక్కడే. ఇద్దరికీ కెర్నల్ ఒక్కటే. మీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ కింద ఉన్నది అదే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలో టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నింటిలోనూ లినక్సే. కెర్నల్ ఒక్కటైనా కోరికలు వేరు. అందుకే మూట కట్టేటోడు ప్రతి సెట్టింగు దగ్గర ఆగి ఆలోచించాలె: ఎవరూ ముట్టుకోకుంటే ఇది ఎట్లుండాలె? దాన్నే డిఫాల్ట్ అంటరు. నేను అర్థం చేసుకున్న కాడికి డిఫాల్ట్ అంటే వట్టి సెట్టింగ్ కాదు. తయారు చేసినోళ్లు తమ ముందు ఎవరిని ఊహించుకున్నరో అదే డిఫాల్ట్.

ఇక మా సంగతి. ఉద్యోగమొచ్చి వెళ్లిపోయిన ఒక సీనియర్ అన్న తన పాత ల్యాప్‌టాప్ హాస్టల్‌కు ఇచ్చిపోయిండు. ర్యామ్ 4 జీబీ. బ్యాటరీ ఇంకా కొంచెం ఆగుతది, అంటే కరెంటు పోయినా వెంటనే ఆరిపోదు. మాకు సిగ్నల్ సరిగ్గ ఉండది, డేటా నెలాఖరుకు అయిపోతది. అందుకే ఫైనలియర్ అన్నలు ఒక ఆలోచన చేసిన్రు: పాత క్వశ్చన్ పేపర్లు, నోట్సు పీడీఎఫ్‌లు, రికార్డ్ చేసిన పాఠాలు అన్నీ అందులో పెట్టి పాత రౌటర్‌కు కలిపితే, ఎవరి ఫోన్‌లోనైనా డేటా ఖర్చు లేకుండా తెరుచుకోవచ్చు. కివిక్స్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దాంతో తెలుగు వికీపీడియా మొత్తం ఇంటర్నెట్ లేకుండా చదువుకోవచ్చు. అది కూడా పెడదామన్నరు.

ఫస్టియర్ తమ్ముళ్లకు వేరే అక్కర ఉంది. వాళ్లల్ల చాలామంది కాలేజీకి వచ్చేదాకా కీబోర్డు ముట్టలేదు. టైపింగ్ నేర్చుకోవాలె, స్కాలర్‌షిప్ ఫారం నింపాలె, రెజ్యూమె రాసుకోవాలె. ఇంటర్నెట్ సెంటర్‌కు పోతే ప్రతిదానికీ పైసలే.

మీటింగ్‌ల ఫైనలియర్ అన్న అన్నడు: "డెబియన్ ఒట్టిగ వేద్దాం. డెస్క్‌టాప్ వద్దు, నల్ల స్క్రీన్ చాలు. ప్రోగ్రాములు ఎంత తక్కువుంటే తలనొప్పి అంత తక్కువ." దానికి ఒక ఫస్టియర్ తమ్ముడు, "అన్నా, అందుల మౌసు కదలదా?" అన్నడు. అందరూ నవ్విన్రు. ఆ తర్వాత ఆ తమ్ముడు మీటింగ్ అయ్యేదాకా నోరు తెరవలేదు.

ఆ ప్రశ్నలో తప్పేముంది? మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ల్యాబ్‌ల కంప్యూటర్ ఆన్ చేసే బటన్ ఎక్కడుంటదో పక్కోన్ని చూసి తెలుసుకున్న. "నేర్చుకుంటే వస్తది" అనడం సులువే. కానీ నేర్చుకోవడానికి మొదలు చెయ్యి పెట్టనియ్యాలె కదా.

అట్లని అన్న చెప్పింది కూడా కొట్టిపారేసేది కాదు. వట్టి డెస్క్‌టాప్ చేస్తే ఏమైతది? శనివారం రాత్రి ఎవరో సినిమా చూస్తరు, అయిపోయినంక మూత మూసేస్తరు. డిఫాల్ట్‌గ మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతది. అప్పుడు పై అంతస్తుల పొద్దున పరీక్షకు చదువుకుంటున్నోని ఫోన్‌ల నోట్సు తెరుచుకోదు. ఎందుకో వానికి తెల్వది కూడా. మూత మూసినోడు కనబడతడు, నోట్సు ఆగిపోయినోడు కనబడడు.

ఇది మా ఒక్క హాస్టల్ లొల్లి కాదని తర్వాత చదివితే తెలిసింది. కొన్ని సంగతులు చెప్తా.

2004 అక్టోబర్‌లో ఉబుంటు మొదటి వెర్షన్ వచ్చింది. డెబియన్ మీదనే కట్టిన్రు. మార్క్ షటిల్‌వర్త్ దాని వెనక ఉన్నడు. లినక్స్ మామూలు మనుషుల కోసం అన్నదే వాళ్ల మాట. అడిగినోళ్ల ఇంటికి సీడీలు ఉచితంగా పంపిన్రు. కానీ 2006 జూన్‌లో 6.06 అనే వెర్షన్‌కు ఎక్కువ ఏళ్లు సపోర్ట్ ఇస్తమని చెప్పినప్పుడు లెక్క ఇట్లుండె: డెస్క్‌టాప్‌కు 3 ఏళ్లు, సర్వర్‌కు 5 ఏళ్లు. మూట ఒక్కటే, ఆయుష్షులు రెండు. డెస్క్‌టాప్ వాడేటోళ్లు కొత్తది వస్తే మారుతరు, సర్వర్ వాడేటోళ్లు నడిచేదాన్ని కదిలించరు అన్నది ఆలోచన. 2012లో 12.04 నుంచి ఇద్దరికీ 5 ఏళ్లు చేసిన్రు. 2017 ఏప్రిల్‌లో అయితే షటిల్‌వర్త్ తమ సొంత డెస్క్‌టాప్ యూనిటీని, ఫోన్ ప్రయత్నాన్ని ఆపేస్తున్నమని, క్లౌడ్ లాంటి వాటి మీద ఎక్కువ దృష్టి పెడతమని ప్రకటించిండు. డెస్క్‌టాప్ పేరు తెస్తది, పైసలు సర్వర్ నుంచి వస్తయి. నాకు అర్థమైంది ఇదే.

ఫెడోరా వేరే దారి పట్టింది. 2014 డిసెంబర్‌లో ఫెడోరా 21 నుంచి మూటను వర్క్‌స్టేషన్, సర్వర్, క్లౌడ్ అని మూడుగ విడగొట్టింది. తేడా ఎంతుంటదో చూడండి. వర్క్‌స్టేషన్‌ల ఫైర్‌వాల్ 1025 నుంచి 65535 దాకా పోర్టులన్నీ తెరిచి ఉంచుతది. పోర్టు అంటే నెట్‌వర్క్ నుంచి లోపలికి వచ్చే తలుపు. ఫైల్ షేరింగ్ లాంటివి ఏమీ అడగకుండా పనిచేయాలని అట్ల పెట్టిన్రు. సర్వర్ ఎడిషన్‌ల మాత్రం అవసరమైన కొన్ని తలుపులే తెరిచి ఉంటయి. అప్పట్లోనే దీని మీద పెద్ద వాదన అయింది. ఒకరికి సౌకర్యంగ కనిపించింది ఇంకొకరికి తలుపుకు గొళ్లెం లేనట్టు కనిపించింది.

కెర్నల్‌లో కూడా ఇదే గొడవ. ఆస్ట్రేలియాలో కాన్ కొలివాస్ అని ఒక డాక్టర్ ఉన్నడు. ఆపరేషన్‌ల మత్తు ఇచ్చే డాక్టర్, కంప్యూటర్ ఇంజనీర్ కాదు. పాటలు ఆగకుండా రావాలె, మౌసు తడబడకుండా కదలాలె అని మామూలు పీసీ వాడేటోళ్ల కోసం కెర్నల్‌కు మార్పులు రాసిండు. కెర్నల్ చేసేటోళ్ల ధ్యాసంతా పెద్ద మిషన్ల మీదనే ఉంటున్నది, ఇంట్ల పీసీ వాడేటోని బాధ ఎవరూ వినరు అన్నది ఆయన బాధ. 2007లో ఆయన షెడ్యూలర్ తీసుకోలేదు, ఇంగో మోల్నార్ రాసింది తీసుకున్నరు. కానీ అందరికీ సమానంగ పంచాలన్న ఆలోచనకు కొలివాస్ పనే దారి చూపిందని మోల్నార్ కూడా ఒప్పుకున్నడు. ఆ ఏడాదే కొలివాస్ కెర్నల్ పని వదిలేసిండు, 2009లో మళ్లీ ఇంకో షెడ్యూలర్‌తో వచ్చిండు. మీటింగ్‌ల మౌసు గురించి అడిగి నవ్వులపాలైన తమ్ముడు ఒక్కడే కాదని ఇది చదివినప్పుడు అనిపించింది.

ఎదురు పక్క ఉదాహరణ కూడా ఉంది. 2016 మే నెలలో సిస్టమ్‌డీ 230 వెర్షన్ వచ్చింది. చాలా డిస్ట్రోలలో కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచి అన్నింటినీ మొదలుపెట్టి చూసుకునేది ఈ సిస్టమ్‌డీనే. అందులో కొత్త డిఫాల్ట్ ఒకటి పెట్టిన్రు: మనిషి లాగౌట్ అయితే ఆయన నడిపిన ప్రోగ్రాములన్నీ ఆపేయాలె. డెస్క్‌టాప్‌కు ఇది మంచిదే, చెత్త మిగలదు. కానీ సర్వర్ల మీద పనిచేసేటోళ్లు రాత్రంతా నడిచే పని మొదలుపెట్టి లాగౌట్ అయి పోతరు, పొద్దున వచ్చి ఫలితం చూసుకుంటరు. ఏండ్ల నుంచి అట్లనే చేస్తున్నరు. కొత్త డిఫాల్ట్‌తో ఆ పని మధ్యలనే చచ్చిపోతది, చెప్పకుండ చచ్చిపోతది. పెద్ద గొడవ అయి, డెబియన్ తన మూటల ఆ డిఫాల్ట్‌ను పాత పద్ధతికి మార్చుకుంది.

ఇవన్నీ చదివినంక నాకు ఒక లెక్క దొరికింది. ప్రతి డిఫాల్ట్ దగ్గర రెండు ప్రశ్నలు అడగాలె. ఒకటి, ఇది నచ్చనోడు సొంతంగ మార్చుకోగలడా? రెండు, దీని వల్ల నష్టమైతే నష్టపోయినోనికి తెలుస్తదా?

మొదటి ప్రశ్నకు మంచి ఉదాహరణ వైఫై. చాలా ల్యాప్‌టాప్‌లల వైఫై నడవాలంటే ఫర్మ్‌వేర్ అని కంపెనీ వాళ్లు ఇచ్చే చిన్న ఫైలు కావాలె. దాని సోర్స్ కోడ్ బయటపెట్టరు కాబట్టి డెబియన్ చాలా ఏండ్లు తన అసలు ఇన్‌స్టాలర్‌ల దాన్ని పెట్టలేదు. అది సిద్ధాంతం, నాకు గౌరవమే. కేబుల్‌తో నడిచే సర్వర్‌కు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. కానీ ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నోనికి? వైఫై నడవాలంటే ఫైలు కావాలె, ఫైలు కావాలంటే వైఫై నడవాలె. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి మార్చుకున్నరు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫైళ్లు ఇన్‌స్టాలర్‌లనే వస్తున్నయి. వద్దనుకునేటోనికి ఆపుకునే దారి తెలుసు. కావాలనుకునే కొత్తోనికి తెచ్చుకునే దారి తెల్వది. అట్లాంటి చోట డిఫాల్ట్ కొత్తోని పక్కన ఉండాలె.

రెండో ప్రశ్నకు ఉదాహరణ ఆ లాగౌట్ సంగతి, మా మూత సంగతి. ఎదురుగా లేనోనికి, చెప్పకుండ నష్టం జరిగే చోట డిఫాల్ట్ సర్వర్ పక్కన ఉండాలె. చేతికి తగిలేది మెత్తగ ఉండాలె, కనబడనోళ్లు ఆధారపడేది గట్టిగ ఉండాలె. అంతే.

మేం డెబియనే వేసినం. అన్న చెప్పినందుకు ఒక్కదానికే కాదు. వేరే వాళ్లు డెస్క్‌టాప్‌కు ఒకటి, సర్వర్‌కు ఒకటి అని రెండు మూటలు చేసిన్రు. రెండు మిషన్లు ఉన్నోళ్లకు అది బాగుంటది. ఒక్కటే ఉన్నోళ్లకే ఈ పంచాయితీ. డెబియన్ ఇన్‌స్టాలర్ ఒక్కటే ఉంటది, చివర్ల ఒక లిస్టు చూపిస్తది: ఏ డెస్క్‌టాప్ కావాలె, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కావాలా, వెబ్ సర్వర్ కావాలా అని. మేం రెండు దిక్కులా టిక్ పెట్టినం. ఇన్‌స్టాలర్ తెలుగులో కూడా నడుస్తది, తమ్ముళ్లను పక్కన కూర్చోబెట్టుకొని తెలుగులోనే చేసినం.

చేసినవి వరుసగ చెప్తా, మీ దగ్గర పాత మిషన్ ఉంటే పనికొస్తయి.

డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టినం, గ్నోమ్ కంటే తేలిక. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగ వదిలేసినం. అట్ల వదిలేస్తే మొదటి యూజర్‌కే సుడో అధికారం వస్తది, వేరే రూట్ లాగిన్ ఉండది. రోజూ అందరూ వాడే అకౌంట్‌కు మాత్రం ఆ అధికారం ఇయ్యలేదు. ఎవరు ఏం నొక్కినా సిస్టమ్ పాడుగాదు. ఇది తమ్ముళ్ల మీద నమ్మకం లేక కాదు, భయం లేకుండ నొక్కాలనే.

మూత మూసినా నిద్రపోకుండ సిస్టమ్‌డీల ఒక లైన్ మార్చినం. స్లీప్, హైబర్నేట్ పూర్తిగ ఆపేసినం. నెట్‌వర్క్ సెట్టింగ్‌ల "అందరు యూజర్లకు" అన్న టిక్ పెట్టినం. లేకుంటే ఒక్కోసారి ఎవరో లాగిన్ అయ్యేదాకా వైఫై కలవదు. కరెంటు ఎక్కువసేపు పోయి మిషన్ మళ్లీ ఆన్ అయితే, ఎవరూ ముందు కూర్చోకున్నా నోట్సు అందాలె కదా. బ్రౌజర్ మెమరీ మొత్తం తినేయకుండ, ముందు కూర్చునేటోళ్ల ప్రోగ్రాములకు హద్దు పెట్టినం. ఆ సౌకర్యం కూడా సిస్టమ్‌డీలనే ఉంది. నోట్సు ఫోల్డర్ అందరూ చదవొచ్చు, కానీ చెరపలేరు. అప్‌డేట్లు ఆదివారం ఒకరి హాట్‌స్పాట్ పెట్టి చేస్తం, వంతుల ప్రకారం. పవర్ బటన్ పక్కన కాగితం అంటించినం: "మూత వేసుకోవచ్చు. బటన్ నొక్కొద్దు, పైన ఎవరో చదువుకుంటున్నరు."

అన్న మాట పూర్తిగ తప్పని నేను అనను. డెస్క్‌టాప్ వేసినందుకు ప్రోగ్రాములు పెరిగినయి, అప్‌డేట్లు పెరిగినయి, దాంతోపాటు పని పెరిగింది. బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉండే సర్వర్ అయితే నేను కూడా నల్ల స్క్రీనే వేస్తా. మాది హాస్టల్ లోపల మటుకే.

ఒక్క విషయంల మాత్రం అన్నతోని గట్టిగ వాదించిన. ఫాంట్లు. సర్వర్‌కు ఫాంట్లు దండగ, జాగ తింటయి అన్నడు. సర్వర్ లెక్కన నిజమే, దానికి అక్షరం అంటే ఒక నంబర్ అంతే. కానీ మన అక్షరాలకు ఆ నంబర్లు దొరకడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. సవర భాష సోరా సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లకు వచ్చింది. మసారం గోండి 2017లో వచ్చింది. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018లో వచ్చింది. నంబర్ ఉంటే సర్వర్ దాచిపెడతది. కానీ మనిషి చదవాలంటే స్క్రీన్ మీద ఫాంట్ ఉండాలె, లేకుంటే ఖాళీ డబ్బాలే కనబడతయి. నోటో ఫాంట్లల ఇవి ఉన్నయి, ఉచితమే. వేసినం. ఒకరి లెక్కల దండగ ఇంకొకరికి తాతల రాత. ఆ మాట చెప్పడానికి అక్కడ మనోళ్లు ఒకరన్నా ఉండాలె.

అందుకే తమ్ముడూ, ఏ డిస్ట్రో మంచిది అని మొదలే అడగకు. నీ మిషన్ ముందు ఎవరు కూర్చుంటరు, దాని మీద ఆధారపడి కనబడకుండ ఎవరుంటరు, ఈ ఇద్దరినీ కాగితం మీద రాసుకో. ఒక్కనివే అయితే ఉబుంటు వేసుకున్నా, మింట్ వేసుకున్నా నష్టం లేదు. ఇద్దరూ ఉంటే డెబియన్ వేసి, పైన చెప్పినవి చెయ్యి.

ఇప్పుడు మాకు మిగిలిన పని వేరే ఉంది. సుడో పాస్‌వర్డ్ ముగ్గురి దగ్గరనే ఉంది. ముగ్గురిలో ఇద్దరు ఈ ఏడుతో వెళ్లిపోతరు. అందుకే ఆదివారం అప్‌డేట్ వంతుల మౌసు గురించి అడిగిన తమ్మున్ని కూడా కలిపినం. పోయిన వారం వాడే నల్ల స్క్రీన్ తెరిచి కమాండ్ కొట్టిండు, నేను పక్కన కూర్చొని చూసిన. మీ హాస్టళ్లల ఇట్లాంటివి ఎవరైనా నడుపుతుంటే కింద రాయండి, ముఖ్యంగ సీనియర్లు పోయినంక ఎట్ల నిలబెట్టుకున్నరో.

జోహార్.